ద్రవ ఎరువుల సేద్యంలో ఉదజని సూచిక: ఆమ్లం నీటికే గాని నేలకు కాదు

"నేల పీహెచ్ ఎనిమిది దాటిందండీ, డ్రిప్పులో ఏం వదిలితే ఆరున్నరకు దిగుతుంది?" బిందు సేద్యం కింద మిరప, బత్తాయి, కూరగాయలు పండించే రైతుల నుండి విస్తరణ శాస్త్రవేత్తలకు ఎదురయ్యే ప్రశ్న ఇది. ప్రశ్న సూటిగా ఉన్నది. సమాధానం కూడా అంతే సూటిగా ఉండాలని రైతు ఆశించడం సహజం. ఆ సమాధానం అంగడిలో సీసాలలో, క్యానులలో దొరుకుతున్నది. ఆమ్ల ద్రావణాలను నీటిలో కలిపి వదిలితే నేల ఉదజని సూచిక సమతుల్యమవుతుందని, అప్పుడే ద్రవ ఎరువులు పైరుకు అందుతాయని చెప్పే సలహాలు కూడా తక్కువేమీ లేవు.

ఈ సలహాలో సగం నిజమున్నది. ఉదజని సూచిక పోషకాల లభ్యతను నిర్ణయించే ముఖ్యాంశాలలో ఒకటన్నది నిజం. ద్రవ ఎరువులను పంపే నీటి ఉదజని సూచికను సరిచేయడం వలన మేలు జరుగుతుందన్నది కూడా నిజం. అయితే నీటిని సరిచేసినంత మాత్రాన నేల సరవుతుందనడం, అందులోనూ సున్నం పాలు అధికంగా గల నల్లరేగడి నేలలలో అది సాధ్యమనడం, నేల రసాయన శాస్త్రానికి విరుద్ధం. నీటికి చేయవలసిన చికిత్సను, నేలకు చేయవలసిన చికిత్సను వేరుచేసి చూడకపోతే రైతు ధనం వృథా కావడమే గాక, విస్తరణ వ్యవస్థ మాటపై ఆయనకున్న నమ్మకం కూడా తగ్గుతుంది.

ఆ అంకె ఎక్కడిది?

ఉదజని సూచిక అనే కొలమానాన్ని 1909లో కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సోరెన్‌సెన్ ప్రవేశపెట్టారు. ఇది లఘుగణక మానం. ఒక అంకె మారితే హైడ్రోజన్ అయాన్ల గాఢత పది రెట్లు మారుతుంది. 5.5 నుండి 6.5 వరకు ఉండవలెనన్న పరిమితి ప్రధానంగా మట్టిలేని సేద్యానికి చెందినది. కాలిఫోర్నియాలో హోగ్లండ్, ఆర్నన్ 1938లో ప్రచురించిన కరపత్రం నుండి నేటి హైడ్రోపోనిక్స్ వరకు, పోషక ద్రావణమే మొక్కకు సర్వస్వమైన చోట ఆ పరిమితికి అర్థమున్నది. అక్కడ మార్పును నిలువరించే ఘనపదార్థం దాదాపు ఉండదు. కొద్ది చుక్కల ఆమ్లంతోనే ద్రావణం స్వభావం మారిపోతుంది.

కుండీలలో సాగుకు విదేశాలలో వెలువడే మార్గదర్శకాలు కూడా ఈ కోవకు చెందినవే. కెనడాలోను, అమెరికాలోని కొన్ని రాష్ట్రాలలోను చట్టబద్ధంగా సాగే గంజాయి సాగు ఇందుకు స్పష్టమైన ఉదాహరణ. అక్కడి సాగుదారులు ప్రతిసారి ద్రవ ఎరువు కలిపిన నీటి ఉదజని సూచికను కొలిచి, పెంచే ద్రావణాన్నో తగ్గించే ద్రావణాన్నో కలిపి, కుండీ అడుగు నుండి కారిన నీటిని మరల పరీక్షిస్తారు. ఆ మార్గదర్శకాలలో "మట్టి" అని పేర్కొనేది తరచుగా పొలంలోని మట్టి కాదు. పీట్, పెర్లైట్, కంపోస్టు కలిపిన మిశ్రమం. పీట్ సహజంగానే ఆమ్ల స్వభావం గలది గనుక దానికి ముందుగా సున్నం కలిపి సరిచేస్తారు. కొన్ని కిలోల తేలికపాటి మిశ్రమం నిండిన కుండీలో ప్రతి తడికీ పోసే ద్రావణం ప్రభావం గణనీయంగానే ఉంటుంది. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం ప్రకారం అనుమతి లేకుండా ఆ పంట సాగు నేరం గనుక ఇక్కడ ఆ పంట ప్రస్తావన ఇంతటితో సరి. ఆ పద్ధతి మాత్రం పంట పేరు వదలి, మిద్దె తోటలు, పాలీహౌస్‌లు, అక్కడి నుండి పొలాల వరకు చేరుతున్నది. కుండీకి పుట్టిన నియమాన్ని రేగడి చేనుకు వర్తింపజేయడం వద్దనే అసలు పొరపాటు మొదలవుతున్నది.

లెక్క ఏమి చెబుతున్నది?

ఒక ఎకరం నేలలో పై 15 సెంటీమీటర్ల మట్టి బరువు సుమారు 900 టన్నులు. అందులో కాల్షియం కార్బొనేట్ ఒక్క శాతమే ఉన్నదనుకొన్నా 9 టన్నుల సున్నపు పదార్థం ఉన్నట్లే. ఐదు శాతం ఉంటే 45 టన్నులు. ఈ సున్నం కరగుతున్నంత కాలం నేల ఉదజని సూచిక సుమారు 7.5 నుండి 8.4 మధ్యనే నిలుస్తుంది. వేసిన ఆమ్లం ముందుగా సున్నంతో చర్య జరిపి బొగ్గుపులుసు వాయువుగా, నీరుగా, కాల్షియం లవణంగా మారిపోతుంది. ఒక్క శాతం సున్నాన్ని పూర్తిగా తటస్థీకరించడానికి ఎకరాకు దాదాపు 8.8 టన్నుల సల్ఫ్యూరిక్ ఆమ్లం గాని, సుమారు 2.9 టన్నుల గంధకం గాని కావలసి ఉంటుంది. డ్రిప్పు తడిపే మూడవ వంతు మట్టినే లెక్కలోకి తీసుకున్నా ఆమ్లం దాదాపు మూడు టన్నులకు తగ్గదు. ఇది ఏ రైతుకూ సాధ్యమయ్యే పని కాదు. ఏ శాస్త్రవేత్తా సిఫారసు చేయదగినదీ కాదు.

మరొక లెక్క ఇంతకన్నా ఆలోచింపజేస్తుంది. ఉదజని సూచిక 6 గల నీటిలో లీటరుకు ఉండే హైడ్రోజన్ అయాన్లు మోల్‌లో పది లక్షల వంతు మాత్రమే. అటువంటి నీటిని ఒక పంటకాలంలో 500 మిల్లీమీటర్ల మేర ఇస్తే ఎకరాకు దాదాపు 20 లక్షల లీటర్లు అవుతుంది. ఆ మొత్తం నీటిలోని హైడ్రోజన్ అయాన్లు కరిగించగల సున్నం సుమారు 100 గ్రాములు! తొమ్మిది టన్నుల ఎదుట వంద గ్రాములు. నీటి ఉదజని సూచికను ఆరుకు దించి వదలితే నేల కూడా ఆరుకు దిగుతుందన్న నమ్మకానికి ఈ లెక్కలో చోటు లేదు.

అంతేకాక, బోరు నీరు తనంత తానే క్షారతను మోసుకొని వస్తుంది. లీటరుకు 300 మిల్లీగ్రాముల బైకార్బొనేట్లు గల నీటిని అదే 500 మిల్లీమీటర్ల మేర పారిస్తే, ఎకరాకు దాదాపు 500 కిలోల కాల్షియం కార్బొనేట్‌కు సమానమైన క్షారత నేలకు చేరుతుంది. దానిని పూర్తిగా తటస్థీకరించాలంటే సుమారు 490 కిలోల సల్ఫ్యూరిక్ ఆమ్లం అవసరం. కనుక నీటిలో ఆమ్లం కలపడం అనేది చాలా సందర్భాలలో నేలను ఆమ్లీకరించడం కాదు. నీరు తెచ్చే కొత్త క్షారతలో కొంత భాగాన్ని ఆపడం మాత్రమే. ఎంత ఆమ్లం కావలెనో నిర్ణయించేది నీటి ఉదజని సూచిక కాదు, అందులోని బైకార్బొనేట్ల పరిమాణం. 7.8 చూపే రెండు బోర్ల నీటికి కావలసిన ఆమ్లం ఒకదానికొకటి అనేక రెట్లు తేడాగా ఉండవచ్చు.

రైతు అనుభవం అబద్ధమా?

ఆమ్లం వదిలిన తరువాత పైరు పచ్చబడిందని చెప్పే రైతులు ఉన్నారు. వారి అనుభవాన్ని తోసిపుచ్చడం శాస్త్రీయం కాదు; దానికి కారణాన్ని వెదకడమే శాస్త్రీయం. మొదటిది, కఠినజలంలో పేరుకొన్న సున్నపు పొక్కులు కరిగి డ్రిప్పర్లు తెరుచుకొంటాయి. అంతవరకు అందని నీరు, ఎరువు మొక్కకు అందుతాయి. రెండవది, ఫాస్ఫారిక్ ఆమ్లం వాడితే దానితోపాటు భాస్వరం కూడా చేరుతుంది. మూడవది, నీటిలోని బైకార్బొనేట్లు తగ్గడం వలన ఇనుము గ్రహించడానికి వేర్లకు ఉన్న ఆటంకం కొంత తొలగుతుంది. నాలుగవది, డ్రిప్పరు కింద చాలా చిన్న ప్రాంతంలో తాత్కాలికంగా ఉదజని సూచిక తగ్గి, సూక్ష్మపోషకాలు కొన్నాళ్లు అందుబాటులోకి వస్తాయి.

కొలతలోని దోషం కూడా ఒకటున్నది. ఎరువు నీరు వదిలిన మరునాడు మట్టి తీసి పరీక్షిస్తే, ద్రావణంలోని లవణాల వలననే ఉదజని సూచిక కొన్ని దశాంశాలు తక్కువగా కనిపిస్తుంది. అది నేల స్వభావంలో వచ్చిన మార్పు కాదు. మట్టిలో గుచ్చి చూసే చౌక మీటర్ల రీడింగు ఆధారంగా "ఏడుకు దిగింది" అని సంతృప్తి చెందడం మరింత ప్రమాదకరం. ప్రయోగశాలలో ఒక పాలు మట్టికి రెండున్నర పాళ్ల నీరు కలిపి, ప్రమాణ ద్రావణాలతో సరిచూసిన మీటరుతో తీసిన కొలతనే ప్రామాణికంగా గ్రహించాలి.

ఈ కారణాలన్నీ ఒకే విషయాన్ని సూచిస్తున్నాయి. ఆమ్లం వలన కలిగే ప్రయోజనం గొట్టంలోను, ట్యాంకులోను, డ్రిప్పరు వద్దను ఉన్నది. 12-61-0 వంటి భాస్వరపు ఎరువులను కఠినజలంలో కలిపినపుడు కాల్షియం ఫాస్ఫేట్ అవక్షేపం ఏర్పడకుండా చూడటం, కాల్షియం నైట్రేట్‌ను ఫాస్ఫేట్, సల్ఫేట్ ఎరువులతో ఒకే ట్యాంకులో కలపకుండా జాగ్రత్తపడటం, గొట్టాలను నియమిత కాలంలో ఆమ్లంతో శుభ్రపరచడం తప్పనిసరి పనులు. అందుకోసం నీటి ఉదజని సూచికను 6 నుండి 6.5 వరకు తేవడంలో తప్పు లేదు. ఆ పనిని ఆ పేరుతోనే చెప్పాలి. "నేలను సరిచేయడం" అన్న పేరు దానికి తగదు.

ఎర్ర నేలలలో మరొక ప్రమాదం

నల్లరేగడిలో ఆమ్లం వృథా అయితే, సున్నం లేని తేలికపాటి ఎర్ర నేలలలో, ఇసుక పాలు హెచ్చుగా గల చల్కాలలో సమస్య తలకిందులుగా ఉంటుంది. బంకమన్ను, సేంద్రియ పదార్థం తక్కువగా ఉండుట వలన ఈ నేలలకు మార్పును నిలువరించే శక్తి తక్కువ. డ్రిప్పు ద్వారా యూరియా, అమ్మోనియం ఎరువులు ఏళ్ల తరబడి ఒకే చోట పడుతుంటే, అమ్మోనియం నైట్రేట్‌గా మారే క్రమంలో విడుదలయ్యే ఆమ్లత ఆ చిన్న తడి ప్రాంతంలోనే పోగవుతుంది. స్థూలంగా చెప్పాలంటే, కిలో నత్రజనిని అమ్మోనియం సల్ఫేట్ రూపంలో వేస్తే కలిగే ఆమ్లతను సరిచేయడానికి 5 కిలోలకు పైగా, యూరియా రూపంలో వేస్తే సుమారు 1.8 కిలోల కాల్షియం కార్బొనేట్ అవసరమని లెక్క. దీనికి తోడు ఆమ్ల ద్రావణాలు కూడా వదిలితే వరుసల మధ్య మట్టి తటస్థంగా ఉండగానే డ్రిప్పరు కింద మట్టి ఆమ్లంగా మారవచ్చు. పొలం మొత్తం నుండి తీసిన సాధారణ నమూనాలో ఈ తేడా కలిసిపోయి కనిపించదు. పండ్లతోటలలో ఇటువంటి ఆమ్లీకరణ చాలాకాలంగా గుర్తించబడిన విషయమే.

అనగా ఒకే సీసా, ఒకే మోతాదు, ఒక నేలలో నిష్ప్రయోజనం. మరొక నేలలో హానికరం. నేల రకాన్ని అడగకుండా చేసే ఏ సిఫారసునైనా ఈ ఒక్క కారణంతోనే నిరాకరించవచ్చు.

చౌడును, సున్నాన్ని కలిపి చూడరాదు

ఉదజని సూచిక 8.2 గల సున్నపు నేలకు, 9.2 గల కారుచౌడు నేలకు కారణాలు వేరు. మొదటిది కాల్షియం కార్బొనేట్ వలన. రెండవది మట్టి రేణువులపై పేరుకొన్న సోడియం వలన. కారుచౌడుకు జిప్సం వేసి, మంచినీటితో సోడియంను కడిగివేస్తే ఉదజని సూచిక తగ్గుతుంది. అది నిజమైన నేల సంస్కరణ. అదే జిప్సంను సున్నపు నేలలో ఉదజని సూచిక తగ్గించడానికని వేస్తే ఆ ఫలితం రాదు. వేరుశనగకు పూత దశలో ఎకరాకు 200 కిలోల జిప్సం వేయడం కాయలకు కాల్షియం, గంధకం అందించడానికే గాని ఉదజని సూచిక కోసం కాదు. ఈ భేదం పాఠ్యపుస్తకాలలో స్పష్టంగానే ఉన్నది. క్షేత్రస్థాయి సలహాలో మాత్రం "ఎనిమిది దాటితే జిప్సం" అన్న ఒక్క వాక్యంగా కుదించుకుపోతున్నది.

అంకెను కాదు, వేరును చూడాలి

ఉదజని సూచికను మార్చలేనప్పుడు రైతు నిస్సహాయుడేమీ కాడు. రాయలసీమలోను, తెలంగాణలోను సున్నపు నేలలలో తరతరాలుగా పంటలు పండుతున్నాయి. నేల మొత్తాన్ని మార్చడం సాధ్యం కాదు. వేరు చుట్టూ ఉన్న కొద్ది మిల్లీమీటర్ల మట్టిని ప్రభావితం చేయడం సాధ్యం. మొక్క నైట్రేట్‌ను గ్రహించినప్పుడు వేరు పరిసరం క్షారతవైపు, అమ్మోనియంను గ్రహించినప్పుడు ఆమ్లతవైపు జరుగుతుంది. కనుక సున్నపు నేలలలో నత్రజనిలో కొంత భాగాన్ని అమ్మోనియం రూపంలో, చిన్న చిన్న మోతాదులలో ఇవ్వడం, ఖరీదైన ఆమ్ల ద్రావణాలకన్నా అర్థవంతమైన పద్ధతి. ఎర్ర నేలలలో దీనికి విరుద్ధంగా నైట్రేట్ పాలును పెంచడం ఉచితం.

ఇనుము విషయంలో ఎంపిక మరింత స్పష్టం. ఉదజని సూచిక ఒక అంకె పెరిగితే నేల ద్రావణంలో ఫెర్రిక్ అయాన్ల గాఢత వేయి రెట్లు తగ్గుతుంది. జింకు అయాన్లు నూరు రెట్లు తగ్గుతాయి. ఇడిటిఎ రూపంలోని ఇనుము ఉదజని సూచిక 6.5 దాటిన నేలలో నిలకడగా ఉండదు. డిటిపిఎ రూపం 7 నుండి 7.5 వరకు పనిచేస్తుంది. సున్నపు నేలలో నిలువగలిగేది ఇడిడిహెచ్ఎ రూపం. సీసాపై "చిలేటెడ్ ఐరన్" అని మాత్రమే చదివి కొనే రైతుకు ఈ తేడా ఎవరో ఒకరు చెప్పాలి. నేలలో వేయడం గిట్టుబాటు కాని చోట ఆకులపై పిచికారీ ఉండనే ఉన్నది. వేరుశనగలో ఆకులు పాలిపోయినపుడు లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి పిచికారీ చేయాలన్న పాత సిఫారసు నేటికీ చెల్లుతుంది. తక్కువ ఖర్చుతో నేల రసాయనాన్ని దాటివెళ్లే మార్గమది.

పంటల ఎంపికకు కూడా ఇందులో పాత్ర ఉన్నది. జొన్న, మొక్కజొన్న వంటి గడ్డిజాతి పంటలు ఇనుమును బంధించి తెచ్చుకొనే పదార్థాలను వేర్ల నుండి విడుదల చేస్తాయి. చైనాలోని సున్నపు నేలలలో మొక్కజొన్నతో కలిపి వేసిన వేరుశనగలో ఇనుప లోపం తగ్గినట్లు పరిశోధకులు నిరూపించారు. పశువుల ఎరువు, పచ్చిరొట్ట పైర్లు సేంద్రియ ఆమ్లాల ద్వారా సూక్ష్మపోషకాలను అందుబాటులో ఉంచుతాయి. ఇక వరిలో నీరు నిలిపినపుడు ఆమ్ల నేలలైనా, క్షార నేలలైనా కొన్ని వారాలలో తటస్థ స్థితికి చేరువవుతాయి. అక్కడ ఏ సీసా అవసరమూ లేదు. అయితే జింకు లోపం మాత్రం అక్కడా వెన్నంటి ఉంటుంది గనుక, ఉదజని సూచిక సరిగా ఉన్నంత మాత్రాన పోషణ సరిగా ఉన్నట్లు కాదని వరి కూడా గుర్తు చేస్తున్నది.

మారవలసినది పరీక్ష, బోధన

2015 ఫిబ్రవరిలో ప్రారంభమైన భూసార ఆరోగ్య కార్డు పథకంలో పన్నెండు అంశాలు పరీక్షిస్తారు. ఉదజని సూచిక, విద్యుత్ వాహకత, సేంద్రియ కర్బనం, నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్ అందులో ఉన్నాయి. కాల్షియం కార్బొనేట్ లేదు. సాగునీటి బైకార్బొనేట్లు లేవు. సాగునీటి వసతి గల భూములలో రెండున్నర హెక్టార్లకు ఒక నమూనా అన్న ప్రమాణం, డ్రిప్పరు కింది మట్టిని, వరుసల మధ్య మట్టిని వేరుచేయదు. దేశమంతటికీ ఉద్దేశించిన పథకానికి ఈ పరిమితులు తప్పకపోవచ్చు. అయితే ఆ కార్డులోని ఒక్క అంకె ఆధారంగా ద్రవ ఎరువుల కార్యక్రమం రూపొందించడం మాత్రం తప్పించవలసినదే.

ఇందుకు పెద్ద వ్యయం కూడా అక్కరలేదు. ఉదజని సూచిక 7.5 దాటిన ప్రతి నమూనాపై కొద్ది చుక్కల సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లం వేసి నురుగు వస్తున్నదో లేదో కార్డుపై రాయవచ్చు. ఫెర్టిగేషన్ సలహా అడిగిన ప్రతి రైతు నుండి మట్టితోపాటు ఒక సీసా నీరు కూడా తెమ్మని కోరవచ్చు. డ్రిప్పు పొలాలలో డ్రిప్పరు కింద ఒక నమూనా, వరుసల మధ్య ఒక నమూనా విడిగా తీసుకోవచ్చు. ఆమ్లం వాడక తప్పనిచోట, ఆమ్లాన్ని నీటిలో పోయాలే గాని నీటిని ఆమ్లంలో పోయరాదని, చేతులకు, కళ్లకు రక్షణ తప్పనిసరి అని సిఫారసు పత్రంలోనే ముద్రించాలి.

వ్యవసాయ విద్యార్థులకు ఈ విషయం ఉపన్యాసం కన్నా ఒక ప్రయోగంతో బాగా బోధపడుతుంది. నల్లరేగడి మట్టి, ఎర్ర మట్టి సమానంగా తీసుకొని, రెండింటికీ ఒకే విధంగా అంచెలంచెలుగా ఆమ్లం కలిపి, మరునాడు ఒకసారి, వారం తరువాత ఒకసారి ఉదజని సూచికను కొలిచి రేఖాచిత్రం గీయాలి. ఎర్ర మట్టి రేఖ నిటారుగా దిగుతుంది. సున్నం గల నల్ల మట్టి రేఖ మొదట కొద్దిగా కుంగి, వారం నాటికి దాదాపు మొదటి స్థానానికే తిరిగి వస్తుంది. ఆ రెండు రేఖలు స్వయంగా గీసిన విద్యార్థి రేపు విస్తరణ అధికారి అయినపుడు అన్ని నేలలకూ ఒకే సీసా సిఫారసు చేయడు.

పరిశోధన కేంద్రాల బాధ్యత కూడా కొంత ఉన్నది. ద్రవ ఎరువులపై జరిగే క్షేత్ర ప్రయోగాల నివేదికలలో నేల ఉదజని సూచికతోపాటు సున్నం శాతం, సాగునీటి బైకార్బొనేట్ల పరిమాణం తప్పనిసరిగా పేర్కొనాలి. అవి లేకపోతే ఒక మండలంలో వచ్చిన ఫలితాన్ని పక్క మండలానికి వర్తింపజేయడం ఊహే అవుతుంది. ప్రధాన నేల రకాలకు ఆమ్ల నిరోధక రేఖలను తయారుచేసి కృషి విజ్ఞాన కేంద్రాలకు అందజేస్తే, రైతు అడిగే ప్రశ్నకు అంకెలతో సమాధానం దొరుకుతుంది. ఎనిమిదిని ఆరున్నర చేయడానికి ఏమి వదలాలని అడిగిన రైతుకు, నేల ఎనిమిది దగ్గరే ఉండగా ఆయన మిరపకు ఇనుము, జింకు, భాస్వరం ఎలా అందించాలో చెప్పడమే నిజాయితీ గల సమాధానం.